ఏపుగా పెరిగిన కొమ్మ

వానలు తెరిపిచ్చాక బత్తాయి మొక్క ఒళ్ళంతా చిగురేసింది. లేత ఆకును ఎండకేసి పట్టి చూస్తే సన్నటి చుక్కలు కనిపిస్తాయి. అవి నూనె గ్రంథులు. నలిపితే వాసన వచ్చేది వాటి నుంచే. ఇవాళ ఆ వాసనే పనికొచ్చింది.

అంటు కట్టిన చోటు మొక్క మొదలు దగ్గర కాస్త వంకరగా, బుడిపెలా ఉంటుంది. దాని కింద నుంచి ఓ కొమ్మ నిటారుగా లేచింది. మొక్క మొత్తానికి అదే ఏపుగా ఉంది, నిండా ముళ్ళు. దాని ఆకొకటి, పై కొమ్మ ఆకొకటి తుంచి చెరో చేత్తో నలిపాను. కిందిది అచ్చం నిమ్మ వాసన. అనుమానం తీరిపోయింది, ఇది వేరుమూలం కొమ్మే, అంటే అంటుకు అడుగున ఉన్న మొక్కది. బత్తాయి కన్ను, అంటే మొగ్గ, తెచ్చి అంటు కట్టేది చాలావరకు రంగపూర్ నిమ్మ మీదో జంబేరి అనే నిమ్మ మీదో కదా. వేళ్ళ బలం కోసం పెట్టుకున్న మొక్క అది. వదిలేస్తే తిండీ నీళ్ళూ తనే లాగేసుకుంటుంది, చివరికి బత్తాయి పోయి నిమ్మ మిగులుతుంది. కత్తెర పెడితే అడుగున కన్ను మిగిలి మళ్ళీ మొలుస్తుందని చేత్తోనే కిందికి లాగి పీకేశాను. పోతూ పోతూ బొటనవేలికి ఓ ముల్లు దించింది. అంత కళగా ఉన్నదాన్ని పీకడానికి నాకైతే ఒక పట్టాన చెయ్యి ఆడలేదు.

ఆకుల మీద పిట్ట రెట్టల్లా కనిపించినవి రెట్టలు కావు, సీతాకోక గొంగళ్ళు. చిన్నప్పుడు అలా వేషం వేసుకుని పిట్టల నుంచి తప్పించుకుంటాయి, పెద్దయ్యాక ఆకుపచ్చ రంగులోకి మారతాయి. పెద్దదాన్ని పుల్లతో తాకితే తల వెనక నుంచి రెండు పాయల ఎర్రటి కొమ్ము బయటికి తీసి ఘాటు వాసన కొట్టింది. ఎంత రోషమో! లేత మొక్కను ఇవి మోడు చేసేయగలవు, అయినా నలిపేయడానికి మనసొప్పలేదు. కరివేపాకుదీ ఇదే కుటుంబం కాబట్టి తీసుకెళ్ళి ఆ చెట్టు మీద వదిలాను. తింటుందో మానుతుందో దాని ఇష్టం.

పాదు కూడా మార్చాను. కాండం చుట్టూ మట్టి ఎగదోసి, నీళ్ళు నిలిచే గాడిని దూరంగా తీశాను. మొదలు నానుతూ ఉంటే బంక కారి బెరడు కుళ్ళుతుంది. పీల్చుకునే వేళ్ళు ఎలాగూ పైపైనే పాకుతాయి, అందుకే గునపం జోలికి పోకుండా తవ్వుకోలతో గీరి, ఎండుటాకులు కప్పాను.

"ఇంతకీ ఎప్పుడు కాస్తుందే?" అంది అమ్మ గుమ్మంలో నిలబడి.

అంటు మొక్క కాబట్టి 3, 4 ఏళ్ళన్నాను. ఈలోపు పిందె పడినా గిల్లేస్తానంటే మొహం అదోలా పెట్టింది. మొదట కొమ్మలు గట్టిపడాలి కదా అంటే వినదు.

రెండు మూడు చిగుళ్ళ మీద వెండి గీతలు వంకరటింకరగా ఉన్నాయి, ఆకు లోపల పురుగు తొలిచిన దారులు. ఆ గాట్లలోంచే గజ్జి తెగులు దూరుతుంది. వేపనూనె సీసా అడుగంటింది, రేపు తేవాలి.