కడుపుతో ఉన్న పిల్లకి బీపీ వస్తే ఊరగాయని తిట్టడమెందుకు?

మా తిరుపతిలో కడుపుతో ఉండే పిల్లకి బీపీ ఉందని తెలిస్తే చాలు, "ఊరగాయ తినొద్దంటే వింటివా" అని ఒకరు, "అన్నిటికీ టెన్షన్ పడతావు, అందుకే" అని ఇంకొకరు. మా చెల్లెలికి ఏడో నెల్లో 150/100 చూపించినప్పుడు ఇంట్లో ఇదే పాట. నాకైతే ఒళ్ళు మండింది, ఎందుకంటే యూరిన్‌లో ప్రోటీన్ కూడా పోయే ఈ రకం బీపీ, ప్రీఎక్లాంప్సియా అంటారే అది, చాలామందిలో మొదలయ్యేది వంటింట్లో కాదు, మాయ దగ్గర (బిడ్డకి తల్లి రక్తం నుంచి పోషణ అందించే ప్లాసెంటా), అదీ మొదటి నెలల్లోనే.

మామూలుగా అయితే కడుపుతో ఉన్నప్పుడు ఒంట్లో రక్తం 40-50 శాతం దాకా పెరుగుతుంది, అయినా బీపీ పెరగదు, నాలుగైదు నెలలప్పుడు ఇంకాస్త తగ్గుతుంది కూడా, రక్తనాళాలు వదులవుతాయి కాబట్టి. నాళాల లోపల ఒకే ఒక్క కణం మందంలో ఎండోథీలియం అనే పొర ఉంటుంది, అది నైట్రిక్ ఆక్సైడ్ లాంటివి వదిలి నాళాన్ని సడలిస్తుంది. ఇంకోపక్క మాయలోని కణాలు గర్భసంచిలో ఉండే మెలికల నాళాల్లోకి దూరి, సన్న కాలవని తవ్వి వెడల్పు చేసినట్టు చేస్తాయి. ఈ తవ్వకం సగంలో ఆగిందనుకోండి, మాయకి రక్తం చాలదు, అప్పుడది ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రోటీన్‌ని తల్లి రక్తంలోకి ఎక్కువగా వదుల్తుంది. ఎండోథీలియం బాగుండాలంటే కావాల్సిన గ్రోత్ ఫ్యాక్టర్లు అనే ప్రోటీన్లని ఇది పట్టేసుకుంటుంది, దాంతో ఆ పొర దెబ్బతిని నాళాలు బిగుసుకుంటాయి, బీపీ పెరుగుతుంది. 2003లో బోస్టన్‌లో అనంత్ కరుమంచి అనే కిడ్నీ డాక్టర్ వాళ్ళ టీమ్ కడుపుతో ఉన్న ఎలుకలకి ఈ ప్రోటీన్ ఎక్కువయ్యేట్టు చేస్తే, వాటికి బీపీ పెరిగింది, యూరిన్‌లో ప్రోటీన్ పోయింది. ఇంతకీ ఎలుకలకి ఊరగాయ ఎవరు పెట్టారు?

పొర దెబ్బతినేది ఒక్కచోట కాదు. కిడ్నీ, లివర్, మెదడు అన్నిచోట్లా. అందుకే తగ్గని తలనొప్పి, కళ్ళు మసకలు, కుడివైపు పక్కటెముకల కింద నొప్పి, ఉన్నట్టుండి మొహం చేతులు ఉబ్బడం, వీటిల్లో ఏదొచ్చినా అపాయింట్‌మెంట్ రోజు దాకా ఆగకూడదు, అదే రోజు ఆస్పత్రికి పోవాల్సిందే. కాళ్ళు వాచడం ఒక్కటే అయితే మామూలు కడుపుల్లోనూ ఉంటుంది. ఫిట్స్ వస్తే, అదే మన పెద్దోళ్ళు గుర్రపువాతం అంటారే, తల్లికీ బిడ్డకీ ప్రాణం మీదికొస్తుంది, దానికి మెగ్నీషియం సల్ఫేట్ ఇంజెక్షన్ ఉంది.

కొలిచేది కూడా సరిగ్గా కొలవాల. చంద్రగిరి నుంచి ఆటోలో వచ్చి, మెట్లెక్కి, లైన్‌లో నిలబడి, కూర్చోంగానే చేతికి కఫ్ (బీపీ మిషన్ పట్టీ) చుట్టేస్తే ఏం లాభం? అయిదు నిమిషాలు వీపు ఆనించి కాళ్ళు కింద పెట్టి కూర్చోవాల, చెయ్యి లావుంటే పెద్ద కఫ్ అడగాల. 140/90 వచ్చినా, దాటినా నాలుగు గంటలన్నా ఆగి మళ్ళీ చూస్తారు, 160/110 అయితే అంతసేపు ఆగరు.

రిస్క్ ఎక్కువున్నోళ్ళకి డాక్టర్లు మూడో నెల దాటినాక తక్కువ డోసు ఆస్పిరిన్ రాస్తారు. సొంతంగా మాత్రం వద్దు. ఇంకోటి, ఇంట్లో మామకి వేసే బీపీ మాత్ర "అదీ బీపీదే కదా" అని కోడలికి ఇచ్చేస్తుంటారు, టెల్మిసార్టన్, రామిప్రిల్ లాంటివి కడుపులో బిడ్డ కిడ్నీలని దెబ్బతీస్తాయి. కాన్పు అయిపోయిందని బీపీ మిషన్ పక్కన పడేయొద్దు, బీపీ బాగా పెరిగేది చాలాసార్లు కాన్పైన మూడో రోజు నుంచి ఆరో రోజు లోపలే, అంటే ఇంటికొచ్చి చుట్టాలు బిడ్డని చూడ్డానికి వచ్చే టైముకి.