పెరట్లో ఎర్రచందనం

పెరట్లో దానంతట అదే మొలిచి నడుమెత్తు పెరిగిన మొక్క ఎర్రచందనమని తేలింది! ఒక్కో ఈనెకు మూడేసి గుండ్రటి ఆకులు, కొసన చిన్న నొక్కు. దగ్గరి చుట్టమైన వేగిసకైతే ఐదు నుంచి ఏడు ఉంటాయి.

"కేసవుతుంది, పీకేయండి" అని ఇరుగుపొరుగు ఒకటే భయపెట్టడం. ఎంత అన్యాయం! సొంత స్థలంలో పెంచడం నేరమే కాదు. అనుమతి లేకుండా నరకడం, కలప తరలించడం నేరం. ఆంధ్రప్రదేశ్‌లో చెట్ల నరికివేతపై 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. ఎర్రచందనానికి 1995 నుంచి సైటిస్ (అంతరించే ముప్పున్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) రక్షణ కూడా ఉంది.

శేషాచలం, పాలకొండల వంటి తూర్పు కనుమల్లోనే సహజంగా పెరిగే చెట్టిది. అలాంటిది మా పెరటికొచ్చింది. ప్రహరీకి మరీ దగ్గరగా ఉంది, నిజమే. అయినా కదపను. గోడ సంగతి తర్వాత చూద్దాం.