కవితల వెనక ఫిజిక్స్

పరీక్షలకి వారం ముందు కాలేజీ లైబ్రరీలో ఒక ఫిజిక్స్ పుస్తకం కోసం గంటసేపు వెతికాను. కంప్యూటర్‌లో చూస్తే ఉందనే చూపిస్తోంది. 530 నంబరు రాక్‌లో మాత్రం లేదు. (సబ్జెక్టుని బట్టి పుస్తకాలకి ఇచ్చే నంబర్లు ఇవి, 1876లో మెల్విల్ డ్యూయీ మొదలుపెట్టాడు. 530 అంటే ఫిజిక్స్.) లైబ్రేరియన్ మేడమ్ నవ్వి నన్ను నేరుగా 800ల వైపు, అంటే సాహిత్యం దగ్గరికి తీసుకెళ్లారు. కవితల వరస వెనక, గోడకి ఆనించి ఉంది! ఎవరో తమ కోసం దాచుకున్నారట. "పరీక్షలప్పుడు ఇది మామూలేనమ్మా" అన్నారు.

నాకు సిగ్గేసింది. పోయిన సెమిస్టర్‌లో ఆ పని నేనూ చేశాను మరి.

చదివాక పుస్తకాన్ని మనమే రాక్‌లో పెట్టేస్తే లైబ్రరీ వాళ్లకి సాయం అనుకునేదాన్ని. వద్దట, బల్ల మీదే వదిలేయాలట. తప్పు చోట పెట్టిన పుస్తకం పోయినట్టే లెక్క. పైగా బల్లల మీద మిగిలినవి చూస్తేనే, ఇంటికి తీసుకెళ్లకుండా అక్కడే ఏవి చదువుతున్నారో తెలుస్తుందట.

ఇక లెక్చరర్లా? వాళ్లకి గడువు ఎక్కువ, ఫైన్ భయం తక్కువ. నాకు కావాల్సిన ఇంకో పుస్తకం రెండు నెలలుగా ఒక సార్ దగ్గరే ఉంది. వెళ్లి అడగాలంటే టెన్షన్. రిజర్వ్ చేసి వచ్చేశాను, మేడమే అడుగుతారు.