ఎనర్వేట్‌లో ఎనర్జీ లేదట

అలారం ఐదున్నరకి మోగింది, నేను లేచింది ఆరుంబావుకి, అది మామూలే. ఫోన్ తీసి ఇంగ్లీషు పదాల ఫ్లాష్ కార్డుల యాప్ ఓపెన్ చేస్తే ఇవాళ రివిజన్‌కి 143 కార్డులు అని చూపించింది. శని ఆదివారాలు అసలు ముట్టుకోలేదు కదా, అవేమో ఎక్కడికీ పోకుండా బాకీల వాళ్ళలాగా గుమ్మంలో కూర్చుని ఉన్నాయి. ఎబ్బింగ్‌హౌస్ అని ఒక జర్మన్ ఆయన ఉండేవాడు, అర్థం పర్థం లేని అక్షరాల ముక్కల్ని తనే బట్టీపట్టి, తనే మర్చిపోయి, ఎంతసేపటికి ఎంత మర్చిపోయాడో లెక్కలు రాసుకుని 1885లో అచ్చేశాడు. మర్చిపోవడం అనేది మొదట్లోనే గబగబా జరిగిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది అని ఆయన తేల్చిన సంగతి. శుక్రవారం రాత్రి కొత్తగా వేసుకున్న ఇరవై పదాల్లో ఇవాళ పొద్దున నాకు గుర్తున్నవి ఏడు. నూట నలభై ఏళ్ళ క్రితం ఆయన చెప్పింది నేను మంచం మీద కూర్చుని మళ్ళీ నిరూపించాను అన్నమాట.

పరీక్షకి ఇంకా మూడు వారాలుంది. విదేశాల్లో పై చదువుల కోసం జీఆర్ఈ పరీక్ష రాస్తానని చెప్పగానే పెద్దమ్మ వాళ్ళ అన్నయ్య తన పాత నోట్సు ఇచ్చాడు, పాపం ప్రేమగానే ఇచ్చాడు, నాలుగు నోటుబుక్కులు, పేజీ మధ్యలో గీత, ఎడమవైపు పదం కుడివైపు దాని వ్యతిరేక పదం, వేలకి వేలు. ఆయన రాసినప్పుడు ఆంటోనిమ్స్ అని వ్యతిరేక పదాలు, అనాలజీస్ అని పదాల జంటల పోలికలు విడిగా ప్రశ్నలుండేవి, వాటిని 2011 ఆగస్టులోనే తీసేశారు. ఇప్పుడు పదం ఒంటరిగా ఎప్పుడూ రాదు, వాక్యంలోనే వస్తుంది. ఈ సంగతి తెలిసి కూడా నేను రెండు నెలలు ఎడమవైపు పదం కుడివైపు అర్థం అని అదే పద్ధతిలో చదివాను, ఎందుకంటే అలా చదివితే రోజుకి ఇన్ని పదాలు అయ్యాయి అని లెక్క చెప్పుకోవచ్చు, లెక్క పెరుగుతుంటే మనసుకి హాయిగా ఉంటుంది.

ఆ హాయి మధ్యాహ్నం దిగిపోయింది. మాక్ పరీక్ష పెట్టుకుని వెర్బల్, అంటే ఇంగ్లీషు భాగం, ఒక్కటే రాశాను. మొదటి సెక్షన్ 12 ప్రశ్నలు 18 నిమిషాలు, రెండోది 15 ప్రశ్నలు 23 నిమిషాలు, మొదటిదాంట్లో ఎలా చేశామో చూసి రెండోదాని కష్టం మారుతుంది. 27లో 9 తప్పులు. నాలుగు ప్యాసేజీలవి, వాటి గోల వేరే, అవి ఇవాళ వద్దు. మిగిలిన ఐదూ పదాలవే. ఆ ఐదింటినీ తిరగేస్తే, నాకు బొత్తిగా తెలియని పదం వల్ల పోయింది ఒక్కటే ఒక్కటి. మిగతా నాలుగూ నాకు తెలుసు అని నేను గుండె మీద చెయ్యేసుకుని చెప్పగలిగే పదాల వల్ల పోయాయి.

ఒకటి చూడండి. రోజంతా ఎండలో నడిచిన నడక ఆ బృందాన్ని ఖాళీ చేసింది, సాయంత్రానికి ఎవరికీ గుడారం వేసే ఓపిక కూడా లేదు. ఇక్కడ ఖాళీ అంటే పూరించాల్సిన ఖాళీ. నీరసం తెప్పించే మాట కావాలని నాకు వెంటనే అర్థమైంది, అక్కడిదాకా తప్పు లేదు. ఐదు ఆప్షన్లలో ఎనర్వేటెడ్ కనబడింది, ఎనర్జీ అని ఉందిగా, ఉత్సాహం తెప్పించింది అని అర్థం, ఇది కాదు పో అని మొట్టమొదట దాన్నే కొట్టేశాను. కొట్టేసి, ఏదో ఒకటి పెట్టాలి కదా అని ఎగ్జాస్పరేటెడ్, అంటే చిరాకు తెప్పించింది, పెట్టాను. తీరా చూస్తే ఎనర్వేట్‌కి ఎనర్జీతో చుట్టరికమే లేదు, అది నెర్వస్ అనే లాటిన్ మాట నుంచి వచ్చింది, నరం, స్నాయువు అని, ముందున్న ఎ అంటే బయటికి, అంటే నరాలు తీసేసినట్టు చతికిలబడేలా చేయడం. నిజంగా తెలియని పదమైతే ఉంచేదాన్ని, మిగతావి కొట్టేస్తే అదే మిగిలేది. తెలుసు కాబట్టే పోయింది.

ఇంకోటి శాంక్షన్. మనకి లోన్ శాంక్షన్ అవుతుంది, లీవు శాంక్షన్ అవుతుంది, పుట్టినప్పట్నుంచి వింటున్న మాట, దానికి కార్డు వేసుకోవడమా అనుకున్నాను. అదే మాట ఒక దేశం మీద పడితే ఆంక్షలు. ఒకే పదం ఒకచోట ఒప్పుకోవడం, ఇంకోచోట దండించడం. క్వాలిఫైడ్ కూడా అంతే, విమర్శకుడు క్వాలిఫైడ్ ప్రశంస ఇచ్చాడు అంటే పెద్ద చదువులు చదివిన ప్రశంస కాదు, బాగుంది గానీ అని నసిగిన ప్రశంస. పెద్ద పెద్ద పదాలకి భయపడి చదువుతాం, ఈ చిన్నవి మాత్రం మనింట్లో మనిషిలాగా తిరుగుతూ ఎప్పుడో జేబు కొట్టేస్తాయి.

నాలుగోది నా తొందర, దానికి పదాన్ని అనలేను. ఆరు ఆప్షన్లలో రెండు ఎంచుకోవాలి, ఆ రెండిట్లో ఏది పెట్టినా వాక్యం ఒకే అర్థం ఇవ్వాలి, ఒకటి కరెక్టు ఒకటి తప్పు అయితే సగం మార్కు లాంటిదేమీ లేదు. సాధారణంగా ______ స్వభావం ఉన్న ఆయన ఆ రోజు గంటన్నర ఆగకుండా మాట్లాడేసరికి అందరూ నోళ్ళు వెళ్ళబెట్టారు అని వాక్యం. గంటన్నర అనేది చూశాను, లొక్వేషియస్, గ్యారులస్ పక్కపక్కనే కనిపించాయి, రెండూ వాగుడే, జంట దొరికింది అని టిక్కు పెట్టేశాను. సాధారణంగా అనే మాటని కళ్ళు దాటేసి వెళ్ళిపోయాయి. కావాల్సినవి టాసిటర్న్, రెటిసెంట్, అంటే ముభావంగా ఉండేవాడు. జంట దొరకగానే పెళ్ళి చేసేయకూడదు, వాక్యానికి సంబంధం కుదిరిందో లేదో చూడాలి.

సాయంత్రం అందుకే కొత్త పదాలు ఒక్కటీ వేసుకోకుండా పాత కార్డులు తవ్వుతూ కూర్చున్నాను. పేరు చూసి మోసపోయేవి అని ఒక పేజీ పెట్టాను. నాయిసమ్‌లో నాయిస్ లేదు, అది కంపు. రెస్టివ్‌కి రెస్ట్ ఉండదు, చెప్పిన మాట వినకుండా అసహనంగా మెసలడం. మెరిట్రీషియస్‌లో మెరిట్ వెతికితే దొరికేది పైపై తళుకు. పెడెస్ట్రియన్ అంటే నడిచేవాడు సరే, కానీ ఒక నవలని అలా అన్నారంటే చప్పగా ఉందని తిట్టడం.

ఈ తవ్వకంలో నాకు బాగా నచ్చింది గ్రెగ్ అనే ముక్క. లాటిన్‌లో గ్రెక్స్ అంటే మంద. గ్రెగేరియస్ అంటే మందలో కలిసి తిరిగేవాడు, కలుపుగోలు మనిషి. కాంగ్రెగేట్ మందగా చేరడం, సెగ్రెగేట్ మంద నుంచి విడదీయడం. ఎగ్రీజియస్ అంటే మంద లోంచి బయటికి నిలబడినది, ఒకప్పుడు అది పొగడ్త, అందరిలోకీ మేటి అని. పోనుపోనూ ఏమైందో గానీ తిట్టయి కూర్చుంది, ఇప్పుడు ఎగ్రీజియస్ అంటే కొట్టొచ్చినట్టు కనబడే ఘోరమైన తప్పు. మందలోంచి బయటికొచ్చినవాణ్ణి లోకం ఎన్నాళ్ళు మెచ్చుకుంటుందిలే.

ఇంకో మాట కూడా ఇవాళే తట్టింది, ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదో. అనానిమస్ అనేదాన్ని విడదీస్తే గ్రీకులో లేదు, పేరు. మన అనామకుడిని విడదీసినా అంతే, పేరు లేనివాడు. అర్థం ఒక్కటే కలవడం కాదు, లేదు అనే ముక్క, పేరు అనే ముక్క రెండూ నిజంగానే దాయాదులు. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని 1786లో విలియం జోన్స్ అనే పండితుడు అన్నాడని స్కూల్లో ఎప్పుడో చదివాం, అది పరీక్షకి పనికొస్తుందని ఎవరూ చెప్పలేదు. అగ్నికి లాటిన్‌లో ఇగ్నిస్, అక్కణ్ణుంచి ఇగ్నైట్ అంటే నిప్పు అంటించడం, ఇగ్నియస్ అంటే నిప్పుకి సంబంధించినది. కాడి అనే అర్థంలో సంస్కృతంలో యుగం, లాటిన్‌లో జుగమ్, దాంట్లోంచి సబ్జుగేట్, కాడి కిందకి తేవడం. ఈ పదాలకి కార్డు అక్కర్లేదనిపించింది. అలాగని చెవికి ఇంపుగా ఉన్న ప్రతిదానికీ చుట్టరికం కలపకూడదు, ఎనర్వేట్‌తో నేను చేసిందదేగా.

కొన్నిటికి మాత్రం వేర్లు కూడా సాయం చేయవు, వాటి రుచి తెలియాలి. ఫ్రూగల్, పార్సిమోనియస్ రెండింటికీ నా కార్డు మీద తక్కువ ఖర్చు అనే రాసుంది. ఒకే మనిషిని స్నేహితుడు పొదుపరి అంటాడు, పడనివాడు పిసినారి అంటాడు, మనిషి ఖర్చు మారలేదు. మెచ్చుకోలు మాటకి ప్లస్సు, తిట్టుకి మైనస్సు గుర్తు పెట్టుకుంటూ వచ్చాను, నలభై కార్డులకే చెయ్యి లాగేసింది. ప్రివారికేట్ దగ్గర ఆగి, ఇంగ్లీషు అర్థం కొట్టేసి, సూటిగా చెప్పకుండా నాన్చడం అని రాశాను. ఇంక ఇది జన్మలో మర్చిపోను.

రాత్రి తమ్ముడు వచ్చి నేను అడుగుతా నువ్వు చెప్పు అని ఫోన్ లాక్కున్నాడు. వాడికి అడగడం సరదా, నేను తప్పు చెప్తే ఇంకా సరదా.

“లకానిక్.”

“అది లకోనియా అనే చోటు నుంచి వచ్చిందిరా, స్పార్టా ఉండేది అక్కడే, వాళ్ళు మాటలు చాలా తక్కువ వాడేవాళ్ళట, మాసిడోనియా రాజు ఫిలిప్ ఒకసారి నేను గనక మీ మీదకి వస్తే మిమ్మల్ని నేలమట్టం చేస్తా అని కబురు పంపితే వీళ్ళు తిరిగి ఒకే ఒక్క మాట రాశారని కథ, వస్తే అని, అంతే, అందుకని...”

“అక్కా, అర్థం అడిగాను.”

“ముక్తసరిగా మాట్లాడటం.”

“మరి ఆ ముక్క ముందే చెప్పొచ్చుగా” అని తప్పు బటన్ నొక్కేశాడు. నేను చెప్పింది కరెక్టే అని ఎంత మొత్తుకున్నా వినలేదు, ఆ కార్డు మళ్ళీ పది నిమిషాల్లో వస్తానని క్యూలో నిలబడింది.

వాడు పోయాక ఎనర్వేట్ కార్డు తీసి ముందువైపు ఉన్న ఒంటరి పదాన్ని చెరిపేసి వాక్యం రాశాను, రెండ్రోజులు ఎగ్గొట్టినందుకు పోగైన 143 కార్డులు ఆమెని ఎనర్వేట్ చేశాయి అని. అప్పటికి లెక్క 31 దగ్గర ఉంది. లకానిక్ వచ్చింది, ముక్తసరి అని పైకే చెప్పి సరే అని నొక్కాను, మిగతా 30 రేపటి వాటితో కలిసి వస్తాయి, రానీ.