నెర్రెలిచ్చిన కప్పు

సరుకు కోసం చైనాలోని ఈవూ వెళ్లడం నాకిది ఆరోసారి. అక్కడి మార్కెట్ గురించి కొత్తగా చెప్పేదేమీ లేదు. కాళ్ల నొప్పులు, కొటేషన్లు, శాకాహారం కోసం వెతుకులాట. ఈసారి పని ఒక రోజు ముందే తెమిలింది. హోటల్ గదిలో పడుకోవడం ఎందుకని లీషుయి దాకా రైల్లో, అక్కడి నుంచి బస్సులో లుంగ్‌చువాన్ వెళ్లాను. నా పాస్‌పోర్టులో ఉన్న పేరంతా టికెట్ మీదికి ఎక్కేసరికి ఒక బస్సు వెళ్లిపోయింది. తర్వాతి బస్సు దారి పొడుగునా సొరంగాలే. కొండలు బాగుంటాయని చెప్పినవాళ్లు కారులో వెళ్లి ఉంటారు.

బేగంబజారులో మాది కప్పులు, ప్లేట్ల దుకాణం. కప్పు కనిపిస్తే డజను ఎంతకు పడుతుందో ముందు లెక్క వేసుకుంటాను, అందం తర్వాత. లుంగ్‌చువాన్‌లో ఆ లెక్క పనిచేయలేదు. ఊరంతా రెండే వ్యాపారాలు: కత్తులు, ఆకుపచ్చ పింగాణీ. కత్తిని చేతిసామానులో విమానం ఎక్కనివ్వరు కాబట్టి పింగాణీ వైపు నడిచాను.

సెలడాన్ అని లోకమంతా పిలిచేది దీన్నే. మెరుగులో, అంటే మట్టి మీద పూసే గాజు పూతలో, నూటికి ఒకటి రెండు పాళ్ల ఇనుము ఉంటుంది. బట్టీలో గాలి తగ్గించి పన్నెండు వందల డిగ్రీలు దాటించి కాలిస్తే ఆ ఇనుమే పచ్చబడుతుంది. అదే ఇనుము గాలి బాగా ఆడే బట్టీలో అయితే పసుపు, గోధుమ రంగులకు తిరుగుతుంది. ఇక్కడ రెండు రంగులకు పేరు. ఒకటి పొడి చల్లినట్టుండే లేత నీలిపచ్చ, రెండోది వాళ్ల లెక్కలో పచ్చి ప్లమ్ కాయ రంగు. నాకు మాత్రం అచ్చం ఉసిరికాయే గుర్తొచ్చింది. వెలుతురుకు పట్టి చూస్తే లోపల గింజ కనబడుతుందేమో అనిపించే ఆ పచ్చదనం. ఈ కాల్పు విద్యను 2009లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చారు. ధరల చీటీలు చూస్తే దుకాణదారులు ఆ సంగతి మరిచిపోలేదని తెలుస్తుంది.

ఒక చిన్న దుకాణంలో మా అమ్మ వయసావిడ కూర్చుని ఉంది. ఆయి అని పిలిచాను, అంటే పిన్ని. ఆవిడ నన్ను లావోబన్ అంది. బేగంబజారు భాషలో అది సేఠ్. నున్నటి కప్పు ఒకటి తీసి, కుండ కొనేటప్పుడు అమ్మ చేసినట్టే వేలి కణుపుతో తట్టాను. ఖంగుమంది. నూట ఇరవై యువాన్లు. పక్కనే ఒళ్లంతా సన్నటి గీతలున్న కప్పు, ఎండాకాలం చెరువు అడుగులా నెర్రెలిచ్చింది. తడితే టప్ మని ఆగిపోయింది. మా దగ్గరైతే దీన్ని డ్యామేజీ కింద పక్కన పెడతాం. ధర అడిగితే మూడు వందల ఎనభై! యువాన్ పన్నెండు రూపాయల చొప్పున వేసుకున్నా నాలుగున్నర వేలు, ఒక్క పగిలిన కప్పుకు.

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. ఫోనులో అనువాదం పెట్టి నాకు పాఠం మొదలుపెట్టింది. చల్లారేటప్పుడు మట్టి కంటే మెరుగు ఎక్కువ ముడుచుకుంటుంది, అందుకే పైపొర మాత్రం చిట్లుతుందట. అన్నదమ్ములిద్దరికి చెరో బట్టీ ఉండేదని, అసూయతో తమ్ముడు చేసిన పాడుపని వల్లే అన్న సరుకుకు మొదటిసారి పగుళ్లు వచ్చాయని కథ. ఈ రకాన్ని ఇప్పటికీ 'అన్న బట్టీ' అనే అంటారు. దాయాదుల కుట్ర మీద ఇంత లాభం తీసినవాళ్లను నేనెక్కడా చూడలేదు.

ఆవిడ మాట మధ్యలో ఆపి, వేలెత్తి, వినమన్నట్టు సైగ చేసింది. వెనక అరలో ఆ ఉదయమే బట్టీ నుంచి దించిన సరుకు ఉంది. టింగ్... కాసేపు ఏమీ లేదు... మళ్లీ టింగ్ టింగ్. పక్కగదిలో ఎవరో గాజులు సర్దుకుంటున్నట్టు. ఎవరూ ముట్టుకోకుండానే కప్పులు చిట్లుతున్నాయి.

అయినా బేరం బేరమే. రెండు వందలన్నాను. ఆవిడ మూడు వందల దగ్గర ఆగింది. వెనక్కి పిలుస్తుందని బయటికి నడిచాను. పిలవలేదు. వీధి చివర ఒక గిన్నెడు నూడుల్స్ తిని, సిగ్గు విడిచి మళ్లీ వెళ్లాను. ధర మారలేదు, కానీ గ్రీన్ టీ పోసి ఇచ్చింది. పచ్చ కప్పులో టీ మరింత పచ్చగా కనిపిస్తుందని పన్నెండు వందల ఏళ్ల క్రితమే, టీ మీద పుస్తకం రాసిన లూ యూ మెచ్చుకున్నాడు. ఆయన మెచ్చింది యువెఝౌ అనే చోట చేసిన పచ్చ కప్పుల్ని. ఇదీ ఆ వంశమే. డబ్బు కట్టాక ఆవిడ ఫోను నా ముఖానికి దగ్గరగా పెట్టింది. "పాలు పోయకండి" అని ఉంది.

పోశాను. హైదరాబాదులో టీ అంటే పాలు లేకుండా ఎలా? రెండో రోజుకే నెర్రెల్లోంచి పాల వాసన. వేడినీళ్లలో రాత్రంతా నానబెడితే గానీ వదల్లేదు. అప్పటి నుంచి అందులో గ్రీన్ టీ ఒక్కటే. వేడికి అంచు పట్టుకోవాలి కాబట్టి ముప్పావు వంతే నింపుతాను. రెండు నెలలకు అక్కడిదాకా గీతలు గోధుమరంగుకు తిరిగాయి, పైన అంచు దగ్గర ఇంకా తెల్లగానే ఉన్నాయి.

అమ్మ మాత్రం దాన్ని ఇంట్లో ఉండనివ్వలేదు, పగిలిన కప్పు ఇంట్లో ఉండకూడదని. ఇప్పుడది దుకాణంలో గల్లా పక్కన ఉంటోంది. ఖాతాలో మూడు వేల ఆరు వందలు 'శాంపిల్ ఖర్చు' అని రాశాను. ఆ శాంపిల్ ఏదని నాన్న ఇంకా అడగలేదు.