ఇంటిపేరు ముందా, వెనకా?

బెంగళూరులో బీఎస్సీ ఎంఎల్‌టీ (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ) చేసి ఖమ్మం వచ్చి, ఒక ప్రైవేట్ ఆసుపత్రి ల్యాబ్‌లో చేరాను. రోజంతా ట్యూబులు, సెంట్రిఫ్యూజ్, రిపోర్టులు. తెలంగాణ పారామెడికల్ బోర్డులో రిజిస్టర్ అయ్యావా అని అక్కడ నన్నెవరూ అడగలేదు, నేనూ పట్టించుకోలేదు. 2024 సెప్టెంబర్‌లో 1,284 ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులు పడ్డాకే టెన్షన్ మొదలైంది. డిగ్రీ ఉంటే చాలదు, బోర్డు రిజిస్ట్రేషన్ కూడా ఉండాలి.

ఇక్కడ చదివినవాళ్లకు పని తేలిక. బయటి రాష్ట్రం డిగ్రీ అనగానే అది నిజమైనదేనని చదివిన చోటి నుంచి తేలాలి. దొంగ సర్టిఫికెట్ల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి ఆ జాగ్రత్తను నేను తప్పుపట్టను. కానీ డబ్బు కట్టి దరఖాస్తు పెట్టిన ఆరు వారాలకు కూడా మా యూనివర్సిటీ నుంచి కదలిక లేదు. ఫోన్ చేస్తే ఒక సెక్షన్ వాళ్లు ఇంకో సెక్షన్‌కి కలిపేవాళ్లు. చివరికి అక్కడే చదువుతున్న జూనియర్ వెళ్లి అడిగితే తెలిసింది. "అక్కా, నీ కాగితం టేబుల్ మీదే ఉంది. చలానా కాపీ జత చేయలేదట, అందుకే పక్కన పెట్టారు" అంది. ఆ ఒక్క ముక్క ఫోన్‌లో ఎవరైనా చెప్పి ఉండొచ్చు కదా!

ఈలోగా పోస్టులకు గడువు దాటిపోయింది. అమ్మ రెండు రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు.

డిగ్రీ నిజమైనదేనని యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చాక ఇంకో చిక్కు. పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు పూర్తిగా, పేరుకు ముందు ఉంది. డిగ్రీలో అది ఒక్క అక్షరమై పేరు వెనక్కి పోయింది. బోర్డులో కాగితాలు చూసిన ఆయన రెండింటినీ పక్కపక్కన పెట్టి, పెన్ను మొనతో ఒక్కో అక్షరం మీదుగా వెళ్లాడు.

"ఈ ఇద్దరూ ఒకరేనా అమ్మా?"

"నేనే సార్."

"మీరేనని కాగితం చెప్పాలి కదమ్మా."

కోపం వచ్చింది కానీ మాట రాలేదు. ఎందుకంటే రోజూ నేను చేసే పని అదే. రక్తం శాంపిల్ ఉన్న ఈడీటీఏ ట్యూబ్ మీద ఒక పేరు, రిక్వెస్ట్ ఫారం మీద ఇంకో పేరు ఉంటే శాంపిల్ వెనక్కి పంపేస్తాను. పేషెంట్ ఒకరేనని వార్డు నుంచి సిస్టర్ ఎంత చెప్పినా వినను. ఒకరి హిమోగ్లోబిన్ ఇంకొకరి రిపోర్టులోకి ఎక్కితే జరిగేదేమిటో నాకు తెలుసు.

రెండు పేర్లూ నావేనని స్టాంపు పేపర్ మీద నోటరీ అఫిడవిట్ చేయించి ఇచ్చాను. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి సంక్రాంతి దాటింది. బస్సులో దాన్ని నాలుగుసార్లు తీసి చూసుకున్నాను, ఇంటిపేరు ఎక్కడుందా అని. ముందే ఉంది.

మొన్న వార్డు నుంచి వచ్చిన ట్యూబ్ మీద ఇనీషియల్ ముందు, ఫారం మీద వెనక. శాంపిల్ వెనక్కే పంపాను. కాకపోతే ఈసారి ఊరికే పక్కన పెట్టలేదు. వెంటనే వార్డుకి ఫోన్ చేసి, ఎందుకు పంపుతున్నానో చెప్పాను.