రక్తం ఎందుకు రాదు?

మా పాపకు ఏడాది నిండకముందే చెవులు కుట్టించమని అమ్మ ఫోన్‌లో ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. "పసిబిడ్డకైతే నొప్పి తెలీదే, తమ్మె వెన్నలా ఉంటుంది" అనేది. ఇక్కడ న్యూజెర్సీలో పిల్లల డాక్టరు మాత్రం, శుభ్రంగా చేస్తే ఏ వయసైనా ఫరవాలేదు గానీ, పాప తన చెవులు తాను చూసుకోగలిగేదాకా ఆగితే మేలన్నారు. మేం ఆగాం. ఆరేళ్లపాటు అమ్మ ఆ మాట ఎత్తినప్పుడల్లా నాకు ఏదో తప్పు చేసినట్టే ఉండేది.

ఏడో ఏట పాపే అడిగింది, తెలుగు క్లాసులో స్నేహితురాలి బుట్టకమ్మలు చూసొచ్చి. మర్నాటికే టెన్షన్ మొదలైంది. చలికాలం హీటరు వేడికి ముక్కు లోపల ఎండిపోయి దానికి రాత్రిళ్లు రక్తం కారేది. దిండు గలీబు ఎర్రబడటం చూసిన పిల్ల. "రక్తం వస్తుందా?" అని అడిగితే వీడియోలో అమ్మమ్మ, "రాదు తల్లీ, చీమ కుట్టినట్టే ఉంటుంది" అంది. నా చిన్నప్పుడు ఆ మాటతో నేను ఊరుకున్నాను. ఇది ఊరుకోలేదు. "ఎందుకు రాదు?"

ఆ ప్రశ్నకు నిజమైన జవాబు చెప్పాకే కుట్టించాలని గట్టిగా అనుకున్నాను. డాక్టరును అడిగాను, చదువుకున్నాను. ఒక రాత్రి లైట్లు తీసేసి, దుద్దు తీసి, నా చెవి వెనక ఫోన్ టార్చి పెట్టాను. తమ్మె అంతా దానిమ్మ గింజలా ఎర్రగా వెలిగింది. మధ్యలో నా పాత కన్నం తెల్లటి చుక్కలా మెరిసింది. పాప వేలితో ఆ చుక్కను ముట్టుకుని చూసింది.

రక్తమే లేదని అబద్ధం చెప్పలేదు. ఆ ఎరుపు రక్తానిదే. కానీ తమ్మెలో ఎముకా లేదు, చెవి పైభాగాన్ని నిలబెట్టే మెత్తటి ఎముకలాంటి మృదులాస్థీ లేదు. చర్మం మధ్యన కొవ్వు, మెత్తటి కణజాలం, వాటిలో వెంట్రుక కన్నా సన్నటి కేశనాళికలు. పెద్ద నాళాలు అటు రావు. అక్కడ గుచ్చి వదిలేస్తే రక్తం వస్తుంది. 1910లో డ్యూక్ అనే డాక్టరు రక్తం ఎంతసేపటికి ఆగుతుందో చూసే పరీక్ష చెవితమ్మె మీదే పెట్టాడు. గుచ్చి, కాగితంతో అద్దుతూ కూర్చుంటే కొద్ది నిమిషాల్లో ఆగిపోయేది. చెవి కుట్టేటప్పుడు అలా వదిలెయ్యరు కదా. సూది తీయగానే దుద్దు ఆ కన్నంలో బిరడాలా కూర్చుంటుంది. చుట్టూ ఉన్న నాళికల్ని అది నొక్కి ఉంచుతుంది, అవీ ముడుచుకుంటాయి, ఈలోగా రక్తాన్ని గడ్డకట్టించే ప్లేట్‌లెట్లు వచ్చి అతుక్కుంటాయి. ముక్కులోనైతే పలచటి పొర కిందే నాళాలు గుత్తుగా ఉంటాయి, అడ్డుపెట్టే బిరడా లేదు. పాపకు అక్కడ అర్థమైంది.

ఆ టార్చి ఆట కొత్తదేం కాదని తర్వాత తెలిసి ఒళ్లు పులకరించింది. ప్రాచీన వైద్యుడు సుశ్రుతుడు కర్ణవేధ, అంటే చెవులు కుట్టడం గురించి చెప్తూ, చెవిని ఎండకు పట్టి, వెలుగు కనిపించే చోట కుట్టమన్నాడు. రక్తం ఎక్కువగా వచ్చినా, నొప్పి ఎక్కువగా ఉన్నా చోటు తప్పినట్టేనన్నాడు. ఆడపిల్లకు ముందు ఎడమ చెవి.

రక్తం రాకపోవడం ప్రతిచోటా మంచి గుర్తు కాదు. మా బంధువుల అమ్మాయి ఒకతె చెవి పైభాగాన, మృదులాస్థి ఉన్నచోట కుట్టించుకుంది. చుక్క రక్తం రాలేదని సంతోషపడింది. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, పైపొర నుంచే దానికి పోషణ అందాలి. అందుకే అక్కడ చీము పడితే ఒక పట్టాన తగ్గదు. ఆ పిల్ల చాలా రోజులు యాంటీబయాటిక్స్ మింగింది.

మా తమ్ముడు వర్జీనియా నుంచి నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాడు, మేనమామ ఒడి కోసం. రక్తం గడ్డకట్టని జబ్బు ఇంట్లో ఎవరికైనా ఉందా అని డాక్టరు ముందే అడిగారు, టెటనస్ టీకాలు వేశారో లేదో చూసుకున్నారు. క్లినిక్‌లో మామయ్య ఒళ్లో పట్టుపావడాతో కూర్చుని, నోట్లో బెల్లం ముక్కతో, పాప నా బొటనవేలు పట్టుకుంది. ఎడమ చెవికి ఏమీ రాలేదు. కుడి చెవికి ఆవగింజంత చుక్క ఒకటి వచ్చి, దుద్దు అంచున ఆగిపోయింది. అద్దం అడిగి మరీ చూసుకుంది.

పసుపూ కొబ్బరినూనే రాయమని అమ్మ, ఉప్పునీళ్లతో తుడవడం తప్ప ఏమీ వద్దని డాక్టరు. డాక్టరు మాటే విన్నాం. బంగారమే పెట్టాలన్న విషయంలో మాత్రం అమ్మదే నిజం. చవక దుద్దుల్లో నికెల్ ఉంటే చాలామందికి దురద, పుండు వస్తాయి. ఆరు వారాలు దాటాక అమ్మ పంపిన 916 పోగులు పెట్టి వీడియో కాల్ చేశాం.

"అమ్మమ్మా, రక్తం లేక కాదు. దుద్దు అడ్డంగా ఉందని రాలేదు" అని పాప చెప్పింది.

అమ్మ కాసేపు ఆలోచించింది. "మీ అమ్మకు కుట్టిన కంసాలి కూడా అంతేనే. బంగారు తీగ దూర్చి, చెయ్యి తియ్యకుండానే చుట్టేశాడు" అంది.